అన్నయ్య బిగించిన తీగలు

మొన్న ఆదివారం మా వంటింటి అలమర తలుపు ఊడింది. పూర్తిగా ఊడలేదు లెండి, పైనున్న బందు పట్టు వదిలేస్తే కింది బందు మీద ఒక పక్కకి ఒరిగి వేలాడుతోంది. మా ఆయన మిర్చి యార్డులో గుమాస్తా, వారంలో ఆ ఒక్కరోజే పగటిపూట ఇంట్లో కనపడతాడు, కనపడ్డాడు కదా అని నేను కూడా ఇంట్లో ఉన్న పనులన్నీ ఆ రోజుకే దాచిపెడతాను. స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాడు. స్క్రూ తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది, ఎంత తిప్పినా బిగిసే జాడ లేదు. బిగియట్లేదని ఆయన ఇంకా బలంగా తిప్పుతున్నాడు. పక్కన దొండకాయలు తరుగుతున్నదాన్ని, కత్తిపీట వదిలేసి వెళ్ళి ఆయన చెయ్యి పట్టేసుకున్నాను.

"ఆపండి, ఇంక తిప్పొద్దు. లోపల చెక్క పిండైపోద్ది."

"ఓహో, మగ్గం నేసేవాళ్ళ పిల్లని చేసుకున్నాననుకున్నా ఇన్నాళ్ళూ. వడ్రంగి మేస్త్రీ గారి అమ్మాయివా?" అని నవ్వాడు.

మామూలుగా అయితే ఆయన ఒకటంటే నేను నాలుగంటాను, మా అత్తగారు వచ్చి ఇద్దరినీ కలిపి ఒకటంటుంది. ఆ రోజు మాత్రం వెళ్ళి మళ్ళీ కత్తిపీట ముందు కూర్చున్నాను. పట్టు లేకుండా వట్టినే తిరుగుతున్న ఆ స్క్రూని చూసేసరికి మా మంగళగిరి ఇల్లు, మగ్గం పైన గోడకి వేలాడే ఎర్ర గిటారు, దాని ముందు పొద్దున్నే నిలబడే మా నాన్న, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎవరికీ వరసగా చెప్పలేదు. మా ఆయనకి కూడా ముక్కలు ముక్కలుగానే తెలుసు. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు, ఇంటర్‌తో ఆపేశాను, అందుకని మాటలాడినట్టే రాస్తాను, మీరు కూడా ఎదురుగా కూర్చుని వింటున్నట్టే చదవండి.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు శ్రీరామనవమి పందిళ్ళలో ఆర్కెస్ట్రా పెట్టించేవాళ్ళు. రోడ్డుకి అడ్డంగా స్టేజీ కట్టి, పానకం బిందెలు ఓ పక్కకి జరిపి, సాయంత్రం ఎండ దిగగానే మైకు సరిచూసే గొంతు ఒకటి అదేపనిగా అంకెలు లెక్కపెడుతుంటే, పిల్లలం చాపలు పట్టుకుని ముందు వరసకి పరిగెత్తేవాళ్ళం. పాడేవాళ్ళ మీద నాకు ధ్యాస ఉండేది కాదు. స్టేజీ మీద ఎడమ పక్కన, పండు మిరపకాయ రంగు గిటారు భుజాన వేసుకుని నిలబడే సన్నపాటి మనిషే నాకు కావాలి. ఆయన మా అన్నయ్య. పక్కన కూర్చున్న పిల్లలందరికీ "మా అన్నయ్య, మా అన్నయ్య" అని చెప్పి చెప్పి విసిగించేదాన్ని. అందులో సగం మందికి ముందే తెలుసు, మాది ఒకే వీధి.

ఆ గిటారు అన్నయ్య బెజవాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పగలు నాన్నతో పాటు మగ్గం మీద కూర్చునేవాడు, ప్రోగ్రాములున్న రోజు మధ్యాహ్నానికే లేచి తల దువ్వుకుని వెళ్ళిపోయేవాడు. నాన్న వద్దనలేదు, మెచ్చుకోనూ లేదు. మెచ్చుకోవటం మా నాన్నకి రాదు. జరీ అంచు చీర ఎంత బాగా కుదిరినా మడత పెట్టి పక్కన పెట్టేవాడే తప్ప పెదవి విప్పేవాడు కాదు. అమ్మ మాత్రం నూలు కండెలు చుడుతూ చుడుతూ గొణిగేది, ఆ డబ్బాకి కరెంటు పెట్టకుండా వాయించుకోరా, నా చెవులు చిల్లులు పడుతున్నాయని. కరెంటు పెట్టకపోతే ఆ గిటారు దోమ పాడినట్టు పాడేది. అన్నయ్య దాన్ని అమ్మ చెవి దగ్గరకి తీసుకెళ్ళి వాయించేవాడు, అమ్మ కండె విసిరేది, అదంతా మా ఇంట్లో రోజూ జరిగే తంతు.

నాన్నకి ఆ గిటారు మీద గురి కుదిరిన రోజు నాకు బాగా గుర్తు. అన్నయ్య గుమ్మంలో కూర్చుని, గిటారు పైకొసన ఉండే చెవులు తిప్పుతూ ఒక్కో తీగా సరిచేసుకుంటున్నాడు. నాన్న మగ్గం గుంటలో నుంచి కాళ్ళు తియ్యకుండానే తల తిప్పి చూశాడు.

"ఏరా, రోజూ బిగించాలా దాన్ని?"

"బిగించాలి నాన్నా, దిగిపోతా ఉంటది."

"అయితే మన పడుగు లాంటిదే," అన్నాడు నాన్న.

అంతే. అయినా ఆ తర్వాత గిటారు నేల మీద కనపడితే తనే తీసి గోడకి తగిలించేవాడు. మగ్గం ఎరగని వాళ్ళకి చెప్పాలి, పడుగు అంటే మగ్గం మీద నిలువునా సాగదీసి కట్టే దారాలు. మా నాన్న సాయంత్రం మగ్గం దిగేముందు ఆ పడుగుని కాస్త వదులు చేసేవాడు, పొద్దున్నే మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ బిగించేవాడు. రాత్రంతా బిగువు మీద ఉంచితే దారం ప్రాణం పోతుందని ఆయన నమ్మకం. బిగించాక అరచేత్తో ఒకసారి తట్టి, ఆ చప్పుడు విని, అప్పుడు కూర్చునేవాడు. ఆయన దినమంతా ఆ రెండు పనుల మధ్యే గడిచేది.

ఒక వానాకాలం అన్నయ్యకి జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. గుంటూరు తీసుకెళ్ళాం. పోయేటప్పుడు తనే నడిచి ఆటో ఎక్కాడు, నా జడ పట్టి లాగి మరీ ఎక్కాడు. అంతకంటే దాని గురించి రాయలేను, మీరు ఏమనుకున్నా సరే.

గిటారు మాత్రం గోడనే ఉంది. దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్ళిపోయాక అమ్మ దాని కింద చిన్న దీపం పెట్టటం మొదలుపెట్టింది. నాన్న దీపం జోలికి రాలేదు. ఆయన ఏం చేశాడంటే, ఒకరోజు పొద్దున పడుగు బిగించటం అయ్యాక స్క్రూడ్రైవర్ తీసుకుని గిటారు దగ్గరికి వెళ్ళి, దాని ఒంటి మీద ఉన్న స్క్రూలన్నీ ఒక్కొక్కటే బిగించాడు. సాయంత్రం మగ్గం దిగాక మళ్ళీ వెళ్ళి అన్నీ కాస్త కాస్త వదులు చేశాడు. ఇంక రోజూ అదే. మెడని ఒంటికి కలిపే స్క్రూలు, తీగలు కట్టి ఉన్న ఇనప పళ్ళేన్ని చెక్కకి పట్టి ఉంచే స్క్రూలు, భుజాన వేసుకునే బెల్టు తగిలించేవి, ఒక్కటి కూడా వదిలేవాడు కాదు. పైనున్న చెవులు మాత్రం ముట్టుకోలేదు. అవి అన్నయ్య చివరిసారిగా తిప్పినవి, ఆ తీగల్లో ఉన్నది అన్నయ్య బిగించిన బిగువు, అది అట్లాగే ఉండాలి. ఈ మాట ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు, అయినా మాకు తెలుసు. తుడిచేటప్పుడు కూడా అక్కడిదాకా వచ్చి గుడ్డ ఆపేసేవాడు.

నాకూ అమ్మకీ అందులో తప్పు కనపడలేదండి. అమ్మకి దీపం ఎట్లాగో నాన్నకి అది అట్లాగ అనుకున్నాం. పైగా అన్నయ్య పోయాక నాన్న చేసే పనుల్లో చేతులకి కాస్త ఇష్టం కనపడే పని అదొక్కటే.

మళ్ళీ శ్రీరామనవమి దగ్గర పడింది. అన్నయ్యతో పాటు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే స్నేహితుడు ఒకాయన ఉండేవాడు, పెదకాకాని ఆయన. గిటారు కూడా కొద్దో గొప్పో వచ్చు. మా ఇంట్లో అన్నయ్య కంచంలో తిన్నవాడు. నాన్నని బాబాయ్ అనేవాడు. ఆయన వచ్చి మంచం పట్టె మీద కూర్చుని, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి అసలు సంగతి అడిగాడు. ఈ ఏడు పందిట్లో ఆర్కెస్ట్రావాళ్ళందరూ అన్నయ్య పేరు చెప్పి ఒక పాట వాయిద్దామనుకుంటున్నారట, అది అన్నయ్య గిటారు మీదే వాయించాలట. నాన్న లేచి తనే గిటారు దించి ఆయన ఒళ్ళో పెట్టాడు. నేను ఆ పూట ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఆ తీగ చప్పుడు వినక ఎన్ని నెలలైందో.

ఆ సంబరం ఎంతోసేపు లేదు. ఆయన గిటారుని తిప్పి చూస్తుంటే మెడ దగ్గర ఏదో కదిలినట్టయింది. వేలితో నొక్కాడు, మళ్ళీ కదిలింది. తీగల పళ్ళెం ఒక పక్క చెక్క మీద నుంచి పైకి లేచి ఉంది. జేబులో చిన్న స్క్రూడ్రైవర్ తీసి ఒక స్క్రూ తిప్పాడు, గిర్రున తిరిగింది. ఇంకోటి తిప్పాడు, అదీ అంతే. మూడోది తిప్పకుండానే ఊడి ఆయన అరచేతిలో పడింది, దాంతోపాటు కాస్త చెక్కపొడి.

"ఎవరు తిప్పారు బాబాయ్ వీటిని?"

అమ్మే చెప్పింది, "ఇంకెవరు, మీ బాబాయే. పొద్దున బిగించటం, సాయంత్రం వదులు చెయ్యటం. రోజూ."

ఆయన నాన్న వంక చూశాడు. నాన్న మొహం ఎట్లా ఉందంటే, నేను మళ్ళీ ఎవరి మొహమూ అట్లా చూడలేదు.

"వదులు చెయ్యకపోతే ఒత్తిడికి పాడైపోద్దనుకున్నాన్రా," అన్నాడు నాన్న.

స్నేహితుడు కోప్పడలేదు. మెల్లగానే చెప్పాడు, చెక్కలో స్క్రూ ఒకసారి బిగిస్తే ఇక కదపకూడదని, తిప్పినప్పుడల్లా లోపలి చెక్క కొంచెం కొంచెం తెగిపోతుందని, ఇప్పుడు బొక్కలన్నీ వట్టిగా అయిపోయాయని. బాగుచెయ్యొచ్చు, పెద్ద పనేం కాదు, కాకపోతే తీగలు మొత్తం వదులు చేసి విప్పాలి, ఎందుకంటే ఆ పళ్ళేన్ని లాగి పెడుతున్నది ఆ తీగలే.

"తీగలు ముట్టుకోబాకు," అన్నాడు నాన్న.

"ముట్టుకోకుండా ఎట్టా బాబాయ్? లాగుడు మీద ఉండగా స్క్రూలు తీస్తే మొత్తం లేచొచ్చేస్తది. ఇట్టాగే ఉంచినా ఎప్పుడో ఒకరోజు దానంతటదే లేస్తది."

"వాడు బిగించిన బిగువు రా అది. దాని జోలికి రాబాకు."

ఇంక ఆయన అమ్మ పెట్టిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. గిటారు మళ్ళీ గోడెక్కింది. ఆ పూట అమ్మ నాన్నకి అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, ఎన్నడూ లేంది గట్టిగానే అంది.

"మోగకపోతే అది గిటారు ఎందుకవుద్దయ్యా? గోడకి దిగ్గొట్టిన కొయ్య. వాడు దాన్ని మోగించటానికి కొనుక్కున్నాడు. నువ్వేమో దాన్ని కూడా పడుకోబెట్టావు."

నాన్న అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. అమ్మ మీద నాకు చెడ్డ కోపం వచ్చింది. అమ్మ అన్నదాంట్లో తప్పు లేదని తెలిసి ఇంకా ఎక్కువ వచ్చింది.

మర్నాడు పొద్దున నాన్న మగ్గం ఎక్కలేదు. గిటారు ముందు స్టూలు వేసుకుని, ముట్టుకోకుండా, దాన్ని చూస్తూ కూర్చున్నాడు. నేను బడి నుంచి వచ్చేసరికి కూడా అట్లాగే ఉన్నాడు. పళ్ళెం ముందు రోజుకంటే ఇంకాస్త లేచి ఉంది. నన్ను చూసి, "వాడికి ఫోన్ చెయ్యవే," అన్నాడు.

ఆయన వచ్చాడు. అమ్మ పాత నేత చీర ఒకటి నాన్న నాలుగు మడతలు వేసి చాప మీద పరిచి, దాని మీద గిటారు పెట్టించాడు. నన్ను మెడ కింద చెయ్యి పెట్టి పట్టుకోమన్నారు. స్నేహితుడు ముందు తీగల్ని వేళ్ళతో ఒకసారి మీటాడు. చప్పుడు బొంగురుగా, ఒకదానికొకటి కలవకుండా వచ్చింది. నాకు కూడా తెలిసిపోయింది అది అన్నయ్య వదిలిపెట్టిన చప్పుడు కాదని. నాన్నే అడిగాడు.

"దిగిపోయిందా?"

"తీగ కదా బాబాయ్. ఏ రోజుకారోజు కొంచెం దిగతానే ఉంటది."

"తెలుసులేరా. పుట్టిన కాణ్ణుంచీ పడుగు బిగించినోణ్ణి. నాకు తెలీదా."

తెలిసే ఉందన్నమాట. మొదటి నుంచీ తెలిసే గుడ్డ అక్కడిదాకా తీసుకెళ్ళి ఆపేవాడన్నమాట.

స్నేహితుడు చెవి మీద చెయ్యి వెయ్యబోతే నాన్న ఆయన చెయ్యి తప్పించి, తనే తిప్పటం మొదలుపెట్టాడు. ఒక్కో చెవీ నెమ్మదిగా, పడుగు వదులు చేసేటప్పుడు ఎంత జాగ్రత్తగా చేసేవాడో అంత జాగ్రత్తగా. ఒక్కో తీగా చిన్న మూలుగు లాంటిది మూలిగి కిందకి దిగిపోయింది. మెడ కింద ఉన్న నా అరచేతికి అది తెలుస్తూనే ఉంది, లోపల ఏదో పట్టు వదులుతున్నట్టు. ఆఖరి తీగ కూడా జారిపోయాక నాన్న చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. అన్నయ్యని తీసుకెళ్ళిన రోజున కూడా నాన్న ఏడవలేదు, ఆ రోజు ఏడ్చాడు. చప్పుడు లేకుండా, మనిషి మొత్తం ఊగిపోతూ. మేం ఎవ్వరం ఆపలేదు.

తర్వాత పని మొదలైంది. స్నేహితుడు అగ్గిపుల్లలూ చెక్క జిగురూ తెచ్చాడు. పుల్లలు జిగురులో ముంచి బొక్కల్లో కూరి, ఆరాక మళ్ళీ స్క్రూ దించటం పద్ధతి. నాన్న ఒక అగ్గిపుల్ల గోటితో నొక్కి చూసి, ఇది మెత్తన, నిలవదు అన్నాడు. అటక మీద నుంచి మా తాతయ్య కాలం నాటి వెదురు అచ్చు దించాడు. అచ్చు అంటే పడుగు దారాలు దూరి వెళ్ళే పెద్ద దువ్వెన లాంటిది. ఇనప అచ్చులు వచ్చాక అది అటకెక్కింది, అయినా పారెయ్యలేదు. అందులో వెదురు పళ్ళు ఏళ్ళ తరబడి దారాలు రాసుకుని రాసుకుని గాజులా నున్నగా ఉన్నాయి. ఒక్కొక్కటే ఊడబెరికి, బ్లేడుతో సన్నగా చీరి, నున్నటిదాన్ని జిగురు పట్టేలా కాస్త గీరి, బొక్కకి సరిపడా కట్ట కట్టి జిగురులో ముంచి దించాడు. స్నేహితుడు వేలితో నొక్కి చూసి, "ఇది కొన్న రోజున కూడా ఇంత గట్టిగా లేదు బాబాయ్," అన్నాడు.

మర్నాటికి అంతా రాయిలా ఆరింది. పైకి పొడుచుకొచ్చిన కొసలు కోసేసి, సన్న డ్రిల్లుతో మధ్యలో చిన్న బొక్క పెట్టి, స్క్రూకి కొవ్వొత్తి రుద్ది నాన్న చేతికిచ్చాడు ఆయన. నాన్న తిప్పుతున్నాడు. పట్టింది. పట్టటం పైనుంచి చూస్తున్న నాకే తెలిసింది, స్క్రూడ్రైవర్ పట్టుకున్న ఆయన మణికట్టు బిగిసింది. ఇంకాస్త తిప్పబోతుంటే స్నేహితుడు ఆయన చేతి మీద చెయ్యి వేశాడు.

"చాలు బాబాయ్."

"ఇంకొక్క సుట్టు?"

"వద్దు. దారం తెగితే నువ్వు ముడేసుకుంటావు. ఇది చెక్క. ఇక్కడాపెయ్."

నాన్న ఆపాడు. అన్నీ అట్లాగే, ఆయన చాలు అన్న చోట ఆపాడు. కొత్త తీగలు కట్టారు. పాత తీగలు అమ్మ చుట్టగా చుట్టి పసుపు రాసిన గుడ్డలో మూట కట్టుకుంది.

నవమి సాయంత్రం పందిట్లో వాయించారు. నాన్న చాప మీద కూర్చోలేదు, పందిరి రాట దగ్గర నిలబడ్డాడు. పాటలో ఎక్కడా తేడా రాలేదు, ఒక్క స్క్రూ కూడా కదల్లేదు. జనం చప్పట్లు కొట్టారు. నేను మాత్రం, నిజం చెబుతున్నాను, ఏదో అవుతుందనుకున్నాను. ఆ చప్పుడు వింటే అన్నయ్య కాసేపు వచ్చినట్టుంటుందని ఎదురు చూశాను. గిటారు బాగానే మోగింది, అన్నయ్య మాత్రం రాలేదు. అన్నయ్య తీగని నొక్కి కొంచెం ఊపేవాడు, ఈయన ఊపడు. అంతే తేడా, ఆ కొంచెంలోనే అన్నయ్య ఉండేవాడు. పాట అయ్యాక స్నేహితుడు స్టేజీ దిగి వచ్చి గిటారు నాన్నకి అందించబోతే, నాన్న దాని ఒంటి మీద ఒకసారి అరచేత్తో తట్టి, "తీసకపోరా. నా కాడుంటే మళ్ళీ తిప్పుతా," అన్నాడు.

తర్వాత రెండు మూడేళ్ళకే ఆర్కెస్ట్రాలు తగ్గిపోయాయి. పందిట్లో ఇప్పుడు డీజే బాక్సులు పెడుతున్నారు, చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు. స్నేహితుడు పెళ్ళి చేసుకుని మా ఊరి పక్కన కొత్తగా వచ్చిన ఆఫీసుల్లో ఒకదాంట్లో పనికి కుదిరాడు, గిటారు నేర్చుకునే కుర్రాడెవరో వినుకొండ నుంచి వస్తే నాన్నని అడిగి మరీ అతనికి ఇచ్చేశాడు. ఇప్పుడది ఎవరి భుజాన ఉందో తెలీదు. మా మగ్గం గుంట కూడా పూడ్చేసి పైన టైల్స్ వేశారు. నాన్న ఒక ఆఫీసు గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాడు, వచ్చేపోయే కార్లకి లేచి నిలబడతాడు. మా వీధిలో ఇదివరకు పొద్దున్నే ఏ ఇంటి ముందు నడిచినా మగ్గాల చప్పుడే, ఇప్పుడు టీవీలు మోగుతుంటాయి, ఎవరి చేతులు ఏ పనిలో ఉన్నాయో బయటికి వినపడదు.

అప్పటి నుంచీ మా నాన్న దేన్నీ గట్టిగా బిగించడు. పచ్చడి జాడీ మూత వదులుగా పెడతాడు, సైకిల్ గాలి మూత పెట్టీ పెట్టనట్టు పెడతాడు, కొళాయి కట్టేసి వస్తే వెనకాల నీళ్ళు బొట్టు బొట్టు కారుతూనే ఉంటాయి. మొదట్లో అమ్మ కేకలేసేది, నీళ్ళన్నీ పోతన్నాయయ్యా, కాస్త గట్టిగా తిప్పితే ఏం పోద్ది నీ సొమ్మని. ఇప్పుడేమీ అనదు. ఆయన అటు వెళ్ళగానే మాట్లాడకుండా లేచి వెళ్ళి, తనే తిప్పి వస్తుంది.